అరమార్కు మేడమ్ ఏడుపు పరీక్ష

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలుసు. మిగతా లోకానికంతా ఆవిడ అరమార్కు మేడమ్. ఆవిడ చేతిలో పడిన ఏ జవాబుకూ పూర్తి మార్కులు వచ్చిన పాపాన పోలేదు. జవాబులో తప్పు దొరక్కపోతే కింద గీసిన గీత వంకరపోయిందని అరమార్కు కోసేది. గీత కూడా తిన్నగా ఉంటే, ఇంత తిన్నగా గీయడానికి ఎంత టైము వృథా చేశావో అని ఇంకో అరమార్కు. సరే, పేపర్లు దిద్దడం ఆవిడ ఉద్యోగం, కోసుకోనివ్వండి. కానీ బస్సు డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కాడని, దిగేటప్పుడు అతని దగ్గర ఆగి మరీ "పదికి ఆరున్నర, నాయనా" అని చెప్పే మనిషిని ఏం చేస్తాం? పక్కింటావిడ కొత్త కర్టెన్లు కుట్టించుకుని, మురిసిపోతూ పిలిచి చూపిస్తే "బాగున్నాయమ్మా, ఎనిమిదిన్నర" అని వచ్చేసింది. ఆ ఇల్లాలు ఇప్పటికీ ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందా అని తన కర్టెన్ల కేసి తనే అనుమానంగా చూస్తూంటుంది.

వాళ్లాయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వంగిన దీపం, దీపం కింద పొట్ట విప్పిన గడియారాలు. పొద్దున్నే టీ పెట్టేది ఆయనే. ఇన్నేళ్ల సంసారంలో ఆ టీకి తొమ్మిది దాటలేదు.

"పది ఎప్పుడు వేస్తావోయ్?" అని అడిగేవాడు.

"పది వేస్తే రేపటినుంచి మీరు శ్రద్ధ తగ్గిస్తారు."

"ఒకసారి వేసి చూడు. తగ్గిస్తే మళ్లీ కోసుకుందువు గాని."

అబ్బే, ఆవిడ వేస్తేనా.

మేడమ్ పనిచేసేది పసిపిల్లల సంరక్షణ శిక్షణ కేంద్రంలో. ఆఫీసుల్లో, మిల్లుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసే తల్లులు పిల్లల్ని పగలంతా ఎక్కడో అక్కడ వదలాలి కదా, ఆ పిల్లల్ని చూసుకునే ఆయాలు ఇక్కడ తయారవుతారు. పొడవాటి గది, ముందు నల్లబల్ల, వెనక అద్దాల అలమరలో వరసగా రబ్బరు పాపలు. ఒక పాపకు చెయ్యి ఊడితే టేపు చుట్టి పెట్టారు. మాసిపోతాయని వాటిని అలమరలోంచి బయటికి తీసేవాళ్లు కాదు. చదువంతా నోటితోనూ పరీక్షంతా కలంతోనూ నడిచేది. చివరి పరీక్షలో ఏటా తప్పకుండా ఒక ప్రశ్న వచ్చేది: "ఏడ్చుచున్న శిశువును ఊరుకోబెట్టు విధానమును సోపానక్రమమున వివరింపుము." సోపానాలు ఏడు. తడి, ఆకలి, ఒంటివేడి, బట్టల బిగుతు, పురుగుపుట్ర, నిద్ర, చివరగా లాలన. ఏడూ వరసలో రాయాలి. లాలన ముందొచ్చి తడి వెనకపడితే సగం మార్కులు గోవిందా. అమ్మాయిలు ఆ ఏడింటికీ ఒక రాగం కట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ పాడుకునేవాళ్లు.

ఆ ఏడాది బ్యాచిలో ఒకావిడ ఉంది. అందరికన్నా పెద్దది, ముగ్గురు పిల్లల తల్లి. అల్లిక మిల్లు మూతపడ్డాక ఇటు వచ్చి చేరింది. క్లాసంతా పెద్దక్క అని పిలిచేవాళ్లు. రోజూ ఆలస్యంగా వచ్చేది. వచ్చాక నోరు ఊరుకునేది కాదు. ఏడు సోపానాల ప్రశ్నకు ఆవిడ రాసిన జవాబు ఒకటే వాక్యం: "ఏ బిడ్డో చెప్పండి, అప్పుడు చెప్తాను."

"ప్రశ్నకు ప్రశ్న జవాబు కాదు" అని మేడమ్ సున్నా చుట్టి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని అరమార్కు వేసింది. మేడమ్ తనంతట తాను అరమార్కు ఎదురిచ్చిన సందర్భం అదొక్కటే కావచ్చు.

ఇలా హాయిగా సాగిపోతున్న ఆవిడ జీవితంలోకి సొంత కూతురే చిక్కు తెచ్చిపెట్టింది. కూతురు నీటి సరఫరా ఆఫీసు ల్యాబులో ఉద్యోగి. అల్లుడికి సరుకుల ఓడలో పని, ఏడాదిలో సగం నీళ్ల మీదే. కాన్పుకు వచ్చిన కూతురు పుట్టింట్లోనే ఉండిపోయింది. పాపను అందరూ బుల్లి అని పిలిచేవాళ్లు. పాకడం వచ్చినప్పటినుంచి బుల్లి తాతగారి బల్ల కింద మకాం పెట్టింది. మరలు, స్ప్రింగులు, ముళ్లు, ఏది దొరికితే అది నోట్లోనే. ఒకరోజు బుగ్గ లోపలినుంచి సెకన్ల ముల్లు తీశాక ఆయన చేతులెత్తేశాడు. "నా బల్లా, ఈ పిల్లా ఒక గదిలో ఉండడం కుదరదు" అన్నాడు. అటు కూతురి సెలవు అయిపోవచ్చింది. వచ్చే సోమవారం చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్లు కబురు పెట్టారు. ఆ ఉద్యోగమంటే కూతురికి ప్రాణం. పాపంటే అంతకన్నా ప్రాణం.

"ఆయాలను తయారుచేసే ఇంట్లో ఆయాకు కరువా?" అంది మేడమ్. "నా ఫస్టు ర్యాంకు అమ్మాయి ఉంది. ఏడు సోపానాలూ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తుంది. తొంభై ఏడున్నర!"

"అంత వేశావా?" అన్నాడాయన, టీ గ్లాసు కింద పెట్టి.

ఫస్టు ర్యాంకు అమ్మాయి వచ్చింది. ఇస్త్రీ చేసిన ఏప్రను, దువ్విన తల, ఎంత వినయమో. బుల్లి ఆమెను చూసి నవ్వింది. ఆ తర్వాత చేతిలోని చెంచా జారి మంచం కిందికి పోయింది. అంతే, ఇల్లు ఎగిరిపోయేలా ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. అమ్మాయి ఏమాత్రం కంగారుపడలేదు. ముందు తడి చూసింది, పొడిగానే ఉంది. పాలసీసా పెట్టింది, బుల్లి దాన్ని విసిరికొట్టింది. నుదురు తాకింది. గుండీలు వదులుచేసింది. పురుగేమైనా కుట్టిందేమోనని గౌను మడతలన్నీ దులిపింది. బుల్లి మాత్రం మొదటినుంచీ మంచం కిందికి వేలు చూపిస్తూనే ఉంది. నిద్ర సోపానంలో అమ్మాయి దీపం ఆర్పేసి కర్టెను వేసేసరికి, చీకట్లో ఆ ఏడుపు ఇంకో అంతస్తు ఎక్కింది. గడియారాలాయన మంచం కిందికి దూరి చెంచా తెచ్చి ఇచ్చాడు. టక్కున ఊరుకుంది.

"లాలన దాకా వెళ్లనివ్వాల్సింది నాన్నా, పాపం ఇంకొక్క మెట్టే మిగిలింది" అంది కూతురు.

మేడమ్ మొహం మాడిపోయింది. "పాప వేలు చూపిస్తోంది కదమ్మా, చూడొద్దూ?" అని అమ్మాయిని నిలదీసింది.

ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా నిజమే చెప్పింది. "పరీక్షలో బిడ్డ ఉండదు కదా మేడమ్. మీరు ఎప్పుడూ రాయమన్నారు, నేను రాశాను. చూడమని మీరెప్పుడైనా అన్నారా?"

ఆ పిల్ల వెళ్లిపోయాక కూతురు ఊరుకుంటుందా? "అమ్మా, నీళ్లలో ఉప్పెంతుందో తెలియాలంటే నేను నీళ్లనే చూస్తాను. సీసా మీద అతికించిన కాగితం ఎంత అందంగా రాశారో చూసి మార్కులు వేస్తే జనం ఆస్పత్రి పాలవుతారు. ఆ అమ్మాయికి జ్ఞాపకం బాగుందని నీ పరీక్ష చెప్పింది, నిజమే చెప్పింది. పిల్లల్ని చూసుకోగలదని నువ్వు అనుకున్నావు. అది నీ పరీక్ష చెప్పలేదు."

"ఏళ్ల తరబడి పెడుతున్న పరీక్ష అది. ఎవరు దిద్దినా అవే మార్కులొస్తాయి. ఒక్క తేడా రాదు!"

"రోజూ సరిగ్గా పావుగంట ఆలస్యంగా నడిచే గడియారాలు నా దగ్గరికి బోలెడు వస్తాయి. వాటిల్లోనూ ఒక్క తేడా రాదు" అన్నాడాయన, తలెత్తకుండానే.

మేడమ్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు. తనకు మార్కులు తక్కువ రావడం ఆవిడకు అలవాటు లేని పని. తెల్లారేసరికి నిర్ణయం చేసేసింది. సరే, రాత పరీక్ష వద్దు, చేత పరీక్ష పెడదాం. అందులో నెగ్గిన వాళ్లను సోమవారం లోపల కూతురి ముందు నిలబెడదాం.

ముందు రబ్బరు పాపల్ని అలమరలోంచి దించారు. ఒక్కొక్కరూ వచ్చి పాపను ఎత్తుకోవాలి, ఊపాలి, ఊరుకోబెట్టాలి. అమ్మాయిలందరూ దివ్యంగా చేశారు. చేయక ఏం చేస్తారు, రబ్బరు పాప ఏడవదు, గిల్లదు, తన్నదు, ఎవరి భుజం మీదా కక్కదు. ఒకమ్మాయి మెడ కింద చెయ్యి వేసి ఎంత సుకుమారంగా ఎత్తుకుందంటే మేడమ్ కళ్లు చెమర్చాయి. సంతకం పెట్టి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయే పాపను ఒక కాలు పట్టుకుని, తలకిందులుగా ఊపుకుంటూ తీసుకెళ్లి అలమరలో పడేసింది. మేడమ్ తను వేసిన మార్కులన్నీ తనే కొట్టేసింది. అసలు బిడ్డ కావాలి. ఏడ్చే బిడ్డ కావాలి. మరి ఏ తల్లి ఇస్తుంది?

గురువారం కూతురు చేరిక కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఆఫీసుకు వెళ్లింది. అటు ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, ఇటు మేడమ్ బుల్లికి కొత్త గౌను తొడిగేసింది.

"ఏమోయ్, ఎక్కడికి?" అన్నాడాయన.

"అలా గాలికి."

"ప్రశ్నపత్రాల సంచీ పట్టుకుని గాలికా? నేనూ వస్తా పద. ఆ పిల్ల నా కళ్లజోడు డబ్బా లేనిదే గడప దాటదు."

ఆ మాట నిజమే. ఆయనకో రేకు డబ్బా ఉంది. మూస్తే టక్కుమంటుంది, తెరిస్తే ఠక్కుమంటుంది. బుల్లికి అది ఉంటే చాలు, తల్లి కూడా అక్కర్లేదు.

కేంద్రంలో అమ్మాయిలందరినీ వరండాలో కూర్చోబెట్టారు. లోపల మేడమ్ బల్ల మీద దుప్పటి పరిచి బుల్లిని కూర్చోబెట్టారు. ఫస్టు ర్యాంకు అమ్మాయిని ముందు పిలిచారు. బుల్లి చుట్టూ చూసింది. కొత్త గది, కొత్త మనుషులు, అందరూ తననే చూస్తున్నారు. ఇదంతా తన కోసమేనని తేల్చుకుని చప్పట్లు కొట్టింది.

మేడమ్ కలం తెరిచి పట్టుకుని ఎదురుచూసింది. బుల్లి ఏడవలేదు. "ఏడవవే తల్లీ, కాస్త ఏడువు" అని బతిమాలింది. మామూలుగా ఆవిడ ప్రశ్నపత్రం పంచితే చాలు, గదిలో సగంమంది ఏడుపు మొదలెట్టేవాళ్లు. ఇప్పుడు చూడండి ఆవిడ గతి!

"ఆ డబ్బా లాక్కుంటే ఏడుస్తుందేమో" అని ఆయన నోరు జారాడు. జారాక నాలుక్కరుచుకున్నాడు. కానీ మేడమ్ అప్పటికే లాగేసుకుంది. గది దద్దరిల్లింది.

ఫస్టు ర్యాంకు అమ్మాయి తడి దగ్గర మొదలుపెట్టి మూడో మెట్టు దాకా వెళ్లింది. ఈసారి మాత్రం పాప ఎటు చూస్తోందో తనూ చూసింది. బల్ల మీద డబ్బా కనబడింది. ఇచ్చింది. బుల్లి వెక్కుతూ నవ్వింది. మేడమ్ సంబరంగా తొమ్మిదిన్నర వేసింది. పరీక్ష అంటే ఇదీ!

ఆ అమ్మాయి వరండాలోకి వెళ్లింది. వెళ్లి ఊరుకుందా? వరండా గుసగుసలతో ఉడికిపోయింది. ఆ వీధి చివర కళ్లద్దాల షాపు ఒకటి ఉంది. ఆ రోజు ఆ షాపువాడి పంట పండింది.

రెండో అమ్మాయి వచ్చింది. పరీక్ష అందరికీ ఒకేలా ఉండాలి కాబట్టి మేడమ్ మళ్లీ డబ్బా లాక్కుని బుల్లిని మళ్లీ ఏడిపించింది. ఆ అమ్మాయి పాపను భుజాన వేసుకుని, ఏప్రను జేబులోంచి తాపీగా ఒక కళ్లజోడు డబ్బా తీసి టక్కుమనిపించింది. బుల్లి నోరు మూసింది. "భేష్! ఎంత గమనింపు!" అని మేడమ్ తొమ్మిదిన్నర వేసింది. మూడో అమ్మాయి జేబులోనూ డబ్బా ఉంది. నాలుగో అమ్మాయిది ఎర్ర డబ్బా. ఆ తర్వాత ఒకమ్మాయి రెండు తెచ్చింది, ఒకటి పనిచేయకపోతే ఇంకోటని. గడియారాలాయనకు సంగతి ఎప్పుడో అర్థమైంది. చెప్తే పరీక్ష మొదటినుంచి పెడుతుందేమోనని భయపడి, పెదవులు బిగబట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. కొంతసేపటికి నవ్వు ఆగిపోయింది. ప్రతిసారీ ఏడుపు తెప్పించాల్సిందే కదా. బుల్లి ముక్కు ఎర్రగా కందింది. గొంతు బొంగురుపోయింది. "చాలోయ్, ఇంక చాలు" అన్నాడు. "ఇద్దరే ఉన్నారు, వాళ్లకు అన్యాయం చేయమంటారా?" అంది మేడమ్. చివరినుంచి రెండో అమ్మాయికి అదృష్టం కలిసొచ్చింది. ఆమె ఎత్తుకున్నదో లేదో, బుల్లి అలిసిపోయి డబ్బా తీయకముందే నిద్రపోయింది. ఆమెకూ తొమ్మిదిన్నరే.

చివర పెద్దక్క, ఎప్పటిలాగే ఆలస్యంగా. వచ్చేసరికి బుల్లి బల్ల మీద నిద్రపోతూ, నిద్రలోనే ఎక్కిళ్లు పెడుతోంది.

"ఉండమ్మా, లేపుతాను" అంది మేడమ్.

"ఎందుకండీ?"

"అందరికీ ఏడ్చే బిడ్డనిచ్చి నీకు నిద్రపోయే బిడ్డనిస్తే ఎలా? పరీక్ష పరీక్షే."

పెద్దక్క బల్లకు అడ్డంగా నిలబడింది. "లేపకండి మేడమ్. లేపితే ఊరుకోను. నాకు సున్నా వేసుకోండి."

"పరీక్ష మానేస్తే నిజంగానే సున్నా పడుతుంది. సర్టిఫికెట్ రాదు."

"రాకపోతే పోయె. అబద్ధమెందుకు, నేనూ తెచ్చాను." పెద్దక్క జేబులోంచి నీలం కళ్లజోడు డబ్బా తీసి మేడమ్ ముందు పెట్టింది. "అందరమూ వీధి చివరి షాపులోనే కొన్నాం. చూపించి మార్కు కొట్టేద్దామనే వచ్చాను. ఈ పసిదాని మొహం చూశాక చేతులు రాలేదు."

మేడమ్ ఆ డబ్బా కేసి చూసింది. మొగుడి కేసి చూసింది. ఆయన కిటికీలోంచి ఇటు తిరగలేదు. ఆవిడ పెద్దక్క పేరు పక్కన సున్నా చుట్టింది. రూలు రూలే కదా. చుట్టాక కలం మూత పెట్టడం మరిచిపోయింది.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. బుల్లి తల్లిని చూసి పిలవబోతే కప్ప బెకబెకలాడినట్టు గొంతు వచ్చింది. తాతగారి చేతిలోని ప్రశ్నపత్రాల సంచీ కిందికి జారి, అమ్మాయిలు బుల్లి దగ్గరే వదిలేసిన రంగురంగుల కళ్లజోడు డబ్బాలు గది నిండా దొర్లాయి.

"ఇన్ని డబ్బాలేమిటి నాన్నా?"

ఆయన నీళ్లు నమిలాడు. అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. ఒక్కో డబ్బా ఏరుకుంటూ మొత్తం చెప్పేశాడు. కూతురు విన్నదంతా విని పాపను గుండెకు హత్తుకుంది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"నా బిడ్డను ప్రశ్నపత్రం చేశావా అమ్మా?"

మేడమ్ వంగి కింద పడ్డ డబ్బా ఒకటి ఏరబోయింది.

"రేపే రాజీనామా ఇచ్చేస్తాను. ఇంక ఎవరినీ తీసుకురావద్దు. మార్కుల మాట నా దగ్గర ఎత్తొద్దు." తలుపు వేసుకుంది. లోపల ఏడుస్తున్నది పాప కాదని ఇద్దరికీ తెలిసింది.

మేడమ్ జీవితంలో మొదటిసారి సిగ్గుపడింది. ఆ సిగ్గుకు ఏ సోపానమూ లేదు. ఆయన టీ పెట్టి తెచ్చిస్తే ఒక మార్కూ వేయకుండా తాగేసింది. ఆయనకు భయం వేసింది.

పొద్దున్నే లేచి కూతురు గది తలుపు బయట నిలబడి, "సోమవారం దాకా ఆగవే. మళ్లీ పరీక్ష పెట్టను, ఒట్టు. సోమవారానికి కూడా నీకు నచ్చిన మనిషి దొరక్కపోతే నేనే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాను" అంది. తలుపు గడియ తీయలేదు. కానీ రాజీనామా ఇవ్వడానికి కూతురు ఆ రోజు వెళ్లలేదు.

శుక్రవారం క్లాసులో మేడమ్ మార్కులన్నీ నల్లబల్ల మీద రాసి, ఒక్క గీతతో అడ్డంగా కొట్టేసింది. గీత వంకరపోయింది. దిద్దలేదు.

"పరీక్ష రద్దు. మీరెవరూ ఫెయిలవలేదు. నా పరీక్షే ఫెయిలైంది. మొదటి దాంట్లో మీకు రాత వచ్చని తెలిసింది. రెండోదాంట్లో రబ్బరును ఎత్తుకోవడం వచ్చని తెలిసింది. మూడోదాంట్లో కళ్లద్దాల షాపు ఎక్కడుందో తెలుసని తెలిసింది. పిల్లల్ని చూసుకోవడం వచ్చో రాదో నాకిప్పటికీ తెలియదు."

"మేడమ్, మరి నా తొమ్మిదిన్నర?" అంది ఫస్టు ర్యాంకు అమ్మాయి, ఏడుపు మొహంతో.

"నా దగ్గర దాచి ఉంచుతాలే. వచ్చే వారంనుంచి అందరూ మిల్లు పక్కన పిల్లల కేంద్రానికి వెళ్లి, అక్కడి ఆయాలతో కలిసి పనిచేయండి. వాళ్లు చూస్తారు, నేనూ వచ్చి మూల కూర్చుంటాను. ఒక్కపూటలో తేలేది కాదు ఇది." ఆ మాట చెప్పి ఆవిడ అలవాటుగా సుద్దముక్క ఎత్తి, మళ్లీ కింద పెట్టేసింది. నెలల తరబడి చూసినదాన్ని వందకు ఎంతని వేయాలో ఆవిడకు తెలియలేదు మరి.

పెద్దక్క ఆ రోజు రాలేదు. సాయంత్రం మేడమ్ దారి కనుక్కుంటూ వాళ్లింటికి వెళ్లింది. ఇరుకు మెట్లు, మెట్ల పొడవునా ఆరేసిన బట్టలు, పైన రెండు గదుల ఇల్లు. పెద్దక్క ఒక పిల్లాడి జుట్టు కత్తిరిస్తూ, ఇంకో పిల్ల ఎక్కం తప్పుచెప్తే అరుస్తూ ఉంది. సోమవారంనుంచి బుల్లిని చూసుకోవడానికి రావాలని మేడమ్ వచ్చిన పని చెప్పింది.

"రాను" అంది పెద్దక్క.

"ఎందుకని?"

"ఏడిపించి చూసే ఇల్లది. నాకు పడదు."

మేడమ్ లేవలేదు. ఎవరినైనా బతిమాలడం ఆవిడకు చేతకాదు, అలాగే కూర్చుండిపోయింది. కాసేపటికి పెద్దక్కకే జాలేసింది. "సరే. ఆదివారం ఒకసారి వస్తాను. చూస్తాను. నాకు నచ్చితే సోమవారం నుంచి వస్తాను. లేదంటే లేదు."

ఇదెక్కడి చోద్యం! ఆయాలను పరీక్షించే మేడమ్ ఇంటికి ఆయా పరీక్ష పెట్టడమా! ఆదివారం పొద్దుటినుంచి మేడమ్ దుమ్ము దులపడమే దులపడం. పెద్దక్క చెప్పిన టైముకు రాలేదు, ఆలస్యంగానే వచ్చింది. వచ్చి నేల మీద చతికిలబడి టీ తాగుతూ కూర్చుంది. ఏమీ చేయలేదు. పాపను పిలవలేదు, నవ్వించలేదు, ఎత్తుకోలేదు. మేడమ్‌కు లోపల ఒకటే దురద, ఏదో ఒకటి చేస్తే బాగుండునని. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. బుల్లి దూరంనుంచి పెద్దక్కను చూసింది, కాసేపు కుర్చీ వెనక దాక్కుంది, మళ్లీ వచ్చి చూసింది. చివరికి మెల్లగా పాకుతూ వచ్చి పెద్దక్క మోకాలి మీద చెయ్యి వేసింది. లేచి నిలబడబోయి వెనక్కి చతికిలబడి, బావురుమంది. పక్కనే ఉన్నది మేడమ్. తడి, ఆకలి, ఒంటివేడి అని పెదవులు కదులుతున్నాయి.

"ఎత్తుకోండి మేడమ్" అంది పెద్దక్క.

మేడమ్ ఎత్తుకుంది. ఎత్తుకోవడమంటే, వేడి గిన్నెను పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా. బుల్లి కాళ్లు గాల్లో తన్నుకుంటూ ఇంకా ఏడ్చింది. మేడమ్ అలవాటుగా మొగుడి వైపు చేతులు చాపింది. ఆయన తీసుకోబోయాడు.

"ఉండండి బాబుగారూ. ఏడ్చినప్పుడల్లా ఇలా మీకిచ్చేస్తారా?"

 మేడమే ఒప్పుకుంది. "అవును. ఏడిస్తే నాకు భయం. నా కూతురప్పుడూ అంతే. మా అమ్మ చూసుకునేది, లేకపోతే ఈయన." ఇన్నేళ్లూ ఏడుపు ఆపడం ఎలాగో నేర్పిన మనిషి ఆ మాట అంటుంటే కూతురు గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వచ్చింది.

"దగ్గరికి తీసుకోండి. పడిపోదులెండి. మీ గుండె దడ తగ్గితే దానిదీ తగ్గుతుంది" అంది పెద్దక్క. మేడమ్ దగ్గరికి తీసుకుంది. చాలాసేపు పట్టింది. బుల్లి మొహం అమ్మమ్మ మెడలో దాచుకుని, చీమిడి అంతా జాకెట్టుకు రాసి, ఊరుకుంది. మేడమ్ కదల్లేదు. కదిలితే మళ్లీ మొదలవుతుందేమోనని కాళ్లు తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుంది.

"రేపు పొద్దున్నే వస్తాను. ఆలస్యమైతే ఏమీ అనొద్దు" అని పెద్దక్క గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోయింది.

సోమవారం పెద్దక్క టైముకే వచ్చింది, అందరూ హడలిపోయారు. కూతురు ఆఫీసు బట్టల్లో, భుజాన సంచీతో, చంకలో బుల్లితో గడపలో నిలబడింది. పెద్దక్క చేతులు చాపింది. కూతురు ఇవ్వలేదు. ఇవ్వాలనే ఉంది, చేతులు విడవడం లేదు. బస్సు టైము దగ్గరపడుతోంది. అందాకా మార్కుల మాట ఎత్తొద్దన్న మనిషి తనే ఎత్తింది.

"అమ్మా. నీ పరీక్షలో ఈవిడకు ఎన్ని వేశావు?"

పరీక్ష రద్దయిందిగా అని మేడమ్ తప్పించుకోవచ్చు. మొగుడు కూడా అలా చెప్పమన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. కానీ మేడమ్ అబద్ధం చెప్పలేదు.

"సున్నా."

"సున్నానా? ఎందుకు?"

"నిద్రపోతున్న బుల్లిని నన్ను లేపనివ్వలేదు. సర్టిఫికెట్ పోయినా సరే, సున్నా వేసుకోమంది. వేశాను."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. పెద్దక్క మొహంలోకి చూసింది. పాప నుదుటి మీద ముద్దుపెట్టి, పెద్దక్క చేతుల్లో పెట్టేసింది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అమ్మా, నేనొచ్చేలోగా అది నిద్రపోతే లేపొద్దు. నీకే చెప్తున్నాను" అని అరిచి, బస్సు కోసం పరుగెత్తింది.